పసుపు చీటీ

ఇంకొకరు చేసిన పనికి పొగడ్త పుచ్చుకునే బుద్ధి మీలోనూ ఉంది. తల దించుకుని వినండి. తెనాలిలో చక్రధర్ అనేవాడు అలాంటివాడే. అతనికి పాత ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి ఉండేది. దానికి గాలిని బలంగా లోపలికి నెట్టే టర్బో లేదు. ఇంజను తన ఊపిరి తానే పీల్చుకుని పరుగెత్తాలి. అందుకే పందేల్లో ఎప్పుడూ మూడోదిగానో నాలుగోదిగానో వచ్చేది.

ఆ ఏడు ఊరిబయట పందెంలో గెలిచినవాడికి చెన్నై పోటీలో చోటు దొరుకుతుందన్నారు. చక్రధర్‌కు ఆ చోటు మీద ప్రాణం పోయేంత ఆశ. వెంటనే మెకానిక్ మస్తానయ్య దగ్గరికి వెళ్ళాడు.

మస్తానయ్య పదిహేను రోజులు కష్టపడ్డాడు. పిస్టన్లు మార్చి ఇంజనులో ఒత్తిడి పెంచాడు. ఇంధనం ఎక్కువగా చిమ్మే ఇంజెక్టర్లు వేశాడు. నిప్పురవ్వ కాస్త ముందుగా పడేలా సరిచేశాడు.

"ఇక ఇది చెరకు నుంచి తీసిన ఇథనాల్ తప్ప తాగదు, అబ్బాయ్. తాగడం కూడా ఎక్కువే తాగుతుంది. పెట్రోలు పోశావంటే లోపల సుత్తితో కొట్టినట్టు మోగుతుంది. తర్వాత మోగడానికి ఏమీ మిగలదు" అన్నాడు.

ట్యాంకు మూత మీద పసుపు చీటీ అంటించాడు: 'ఇథనాల్ మాత్రమే. పెట్రోలు పోయవద్దు. – మస్తానయ్య.'

పందేనికి ముందురోజు కారు గాలిలా దూసుకుపోయింది. స్నేహితులు మూగారు.

"ఏం చేయించావురా దీనికి?"

"చేయించేదేముంది? అంతా స్టీరింగు పట్టే చేతిలో ఉంది" అన్నాడు చక్రధర్.

అంతలో చీటీ గుర్తొచ్చింది. వీళ్ళు చదివితే గుట్టు బయటపడుతుంది. ఎవరూ చూడకుండా దాన్ని పీకి జేబులో పెట్టుకున్నాడు. ఎర్ర రంగు మీద పసుపు బాగోలేదులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు పందెం మొదలైంది. మొదటి మలుపులో చక్రధరే ముందున్నాడు. రెండో మలుపులో ఇంజను టకటకమని మోగింది. మూడో మలుపులో దడేలుమని ఆగి, నల్లటి పొగ కక్కింది. మిగతా కార్లు ఒక్కొక్కటే పక్కనుంచి వెళ్ళిపోయాయి.

అతని అక్క భర్త కోదండం రొప్పుతూ వచ్చాడు.

"ఆగడమేంటి బామ్మర్దీ? ట్యాంకు ముల్లు అడుగంటిందని పొద్దున్నే నువ్వు లేవకముందే బంకుకి తీసుకెళ్ళి నిండా కొట్టించానే."

"ఏం కొట్టించావు బావా?"

"పెట్రోలు. మరి కొబ్బరినీళ్ళు పోయించమంటావా?"

"మూత మీద చీటీ చూడలేదా?"

"ఏ చీటీ?"

చక్రధర్ చెయ్యి మెల్లగా జేబులోకి పోయింది. చీటీ అక్కడే ఉంది.

చెన్నై చోటు మరొకరికి దక్కింది. పగిలిన పిస్టన్లు పట్టుకుని వెళ్తే మస్తానయ్య తిట్టలేదు. "బాగుచేస్తాను. కానీ ఈసారి చీటీ మూత మీద కాదు, తలుపుల మీద" అన్నాడు.

ఆ ఖర్చు తీర్చడానికి చక్రధర్ ఎనిమిది నెలలు మస్తానయ్య షెడ్డులో జిడ్డు సామాన్లు కడిగాడు. ఇప్పటికీ అతని ఎర్ర కారు తలుపుల మీద జానెడేసి పసుపు అక్షరాలుంటాయి: 'ఇథనాల్ మాత్రమే. ఈ వేగం మస్తానయ్యది.' సిగ్నలు దగ్గర ఆగితే బడిపిల్లలు దాన్ని గొంతెత్తి చదువుతారు. చక్రధర్ చివరిదాకా వింటాడు.

పని చేసినవాడి పేరు దాచి పొగడ్త కాజేసేవాడు, తనను కాపాడే హెచ్చరికను కూడా దాచేసి తానే నష్టపోతాడు.