పొలిమేర రాయి పీకిన తిప్పక్క

అనగనగా అంటే ఎప్పుడని అడగొద్దు. కొండకు చెట్లుండి, పాళెగాడికి మీసాలుండి, జనానికి నోరు లేని కాలం. ఊఁ కొట్టండి, కొట్టకపోతే నేను చెప్పను.

ఒక కొండ. కొండ కింద మూడు ఊళ్ళు. రాతిపల్లెలో రాళ్ళు కొట్టేవాళ్ళు, కుండలూరులో కుమ్మరులు, కొలిములపాడులో కమ్మరులు. మూడూళ్ళలోనూ పసుపు పండేది. పసుపు కొమ్ములు తవ్వి తీశాక ఉడకబెట్టాలి, లేకపోతే కుళ్ళిపోతాయి. ఉడకబెట్టాలంటే కట్టెలు కావాలి. అందుకని ఏటా కొండను నరికారు. తూర్పు బోడి అయింది. పడమర బోడి అయింది. దక్షిణమూ బోడి అయింది. మిగిలింది ఉత్తరపు వాలు ఒక్కటే. మూడూళ్ళూ తాగే ఊట ఆ చెట్ల కిందే ఉంది.

ఆ వాలు మీద గుడిసెలో తిప్పక్క ఉండేది. మొగుడు లేడు, బిడ్డలు లేరు, ఏ ఊరూ ఆమెను మాదని అనలేదు. కట్టెల మోపులు మోసి మోసి నడినెత్తిన జుట్టు ఊడిపోయింది. నోరు మాత్రం అరగలేదు.

ఆ ఏడు పాళెగాడు దండోరా వేయించాడు. పసుపు తవ్వకాలు అయ్యేలోగా ఉత్తరపు వాలు నరకాలి, గొడ్డలి పట్టనివాళ్ళు ఊరు విడిచి పోవాలి.

తిప్పక్క తన గొడ్డలి తెచ్చి పాళెగాడి వాకిట్లో పడేసింది.

"నేను నరకను దొరా. చెట్లు పోతే ఊట పోతాది. అప్పుడు పసుపు ఉడకేసేదానికి నీళ్ళేడివి? నువ్వొచ్చి ఉమ్ముతావా?"

వాకిట్లో ఉన్నవాళ్ళకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. పాళెగాడు మీసం దువ్వాడు.

"కట్టెల్లేకుండా ఉడకేసే దారుంటే తవ్వకాలయ్యేలోగా చూపించు. లేదా మొదటి చెట్టు నీ చేతనే కొట్టిస్తా."

దారి లేకపోలేదు. మూడూళ్ళ పొలిమేరలూ కలిసే చోట ఒక రాయి ఉంది. అక్కడ నేల వెచ్చన. చలికాలం పొద్దున మూడూళ్ళ మేకలూ ఆ రాయి చుట్టూనే పడుకునేవి. మేకలకు తెలిసింది మనుషులకు తెలియదా? తెలుసు. మూడూళ్ళూ దొంగచాటుగా తవ్వాయి కూడా. కానీ ఎవరి హద్దులో వాళ్ళే తవ్వారు. రాతిపల్లె వాళ్ళు బండను పగలగొట్టారు, కింద చెడ్డగాలి కొట్టి పైకి పరిగెత్తారు. కుండలూరు వాళ్ళకు బండ అడ్డం వచ్చింది. కొలిములపాడు వాళ్ళ గుంత కూలిపోయింది. మూడూళ్ళవాళ్ళూ నోరు మూసుకున్నారు. పని గుట్టు పొలిమేర దాటితే ఊరికి చేటని పెద్దల ఒట్టు మరి. ఇలాంటి పెద్దల్ని ఏమనాలో నాకు తెలుసు గానీ, పిల్లలున్నారని ఊరుకుంటున్నాను.

తిప్పక్క మొదట రాతిపల్లెకు పోయింది.

"అడుగున పొయ్యి మండుతాంటే పైన కొండను కాల్చేదేంది? కలిసి తవ్వుదాం రాండి."

"కుమ్మరోళ్ళతోనా? మా సుత్తి పట్టు చూసి నేర్చుకుంటారు. పో పో," అన్నాడు ఆ ఊరి పెద్ద సుంకన్న.

కుండలూరుకు పోయింది. "అడుగున పొయ్యి మండుతాంటే పైన కొండను కాల్చేదేంది? కలిసి తవ్వుదాం రాండి."

"కమ్మరోళ్ళకు మా మట్టి పాళ్ళు తెలిసిపోతే మేమేం తిని బతకాల?" అంది కుమ్మరి పెద్దమ్మ పుల్లమ్మ.

కొలిములపాడుకు పోయింది. కమ్మరి బసవాచారి ఆ మాట పూర్తిగా విననే లేదు. కుక్కను ఉసిగొల్పాడు.

"థూ, మీ గుట్లు మన్నుగాను!" అంది తిప్పక్క.

మర్నాడు, అందరూ చూస్తుండగా, పట్టపగలు, గునపం పెట్టి పొలిమేర రాయి పీకేసింది. తాతల నాటి నుంచి పసుపూ కుంకుమా పూసి, కోడిని కోసి మొక్కిన రాయి! దాన్ని పక్కకు దొర్లించి ఆ చోటే తవ్వడం మొదలుపెట్టింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, సంతోషమూ వేస్తుంది.

మూడూళ్ళూ కర్రలతో వచ్చాయి.

"శాపం తగులుతాది, బయటికి రావే!"

"తగిలితే నాకు తగలనీ. నాకు ఊరుందా, పాడైపోయేదానికి?"

ఆమె తవ్వుతూనే ఉంది. నడుము లోతున బండ తగిలింది. పాపం, ఆమెకు బండ కొట్టడం ఏం తెలుసు? ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి కొట్టింది. పెళ్ళలు లేచి మొహాన తగిలాయి. సుంకన్న కర్ర పట్టుకుని ఒక దెబ్బ చూశాడు. రెండో దెబ్బ చూశాడు. మూడో దెబ్బకు ఆగలేకపోయాడు.

"అట్ట కాదు! నరం చూసి, బండ చీలే గీత మింద కొట్టాల!"

కర్ర పారేసి గుంతలోకి దూకాడు. శాపం భరించొచ్చు గానీ, పనిమంతుడు కళ్ళముందు చెడ్డ పనిని భరించలేడు.

బండ చీలింది. ఇంకా కిందికి పోయారు. పక్కల మన్ను జారుతుంటే సుంకన్న కొమ్మలు అడ్డం పెట్టాడు. పుల్లమ్మ పళ్ళు కొరుక్కుంది.

"అట్ట కాదు! పుల్లలు ఆపుతాయా మన్నును? కాల్చిన ఒరలు దింపాల!"

గుండ్రటి మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి దిగాయి. ఇంకా కిందికి పోయారు. చెడ్డగాలికి దీపం ఆరింది, తల తిరిగింది. పుల్లమ్మ చేటతో విసిరింది. బసవాచారి నెత్తి కొట్టుకున్నాడు.

"అట్ట కాదు! చేటకు పోయే గాలా అది? తిత్తులు తేండిరా!"

వెదురు గొట్టాల్లోంచి కొలిమి తిత్తులు ఊపిరి పోశాయి. ముగ్గురి గుట్లూ ఒకే గుంతలో పడ్డాయి. ఏ ఊరికీ ఏ చేటూ రాలేదు. ఒకరోజు ఒరల్లోంచి బుస్సుమని ఆవిరి తన్నుకొచ్చింది. దాని మీద పసుపూ నీళ్ళూ పోసిన పెద్ద మట్టి గాబు పెట్టారు. పసుపు కుతకుత ఉడికింది. కట్టె లేదు, పొగ లేదు.

పాళెగాడు మనుషులతో వచ్చాడు.

"నేల పైది నాది. నేల కిందిదీ నాదే. ఈ సెగ నాది. నేను ఇమ్మన్నోళ్ళకే ఇయ్యాల."

ఒరల చుట్టూ తవ్విన పై గుంతలో, గాబు పక్కన కూర్చున్న తిప్పక్క తలెత్తింది.

"నీదా దొరా? ఐతే దిగి తీసుకో."

గాబు కాస్త పక్కకు జరిపింది. వంగి చూడబోయిన పాళెగాడి మొహాన ఆవిరి కొట్టి, మీసం ఒకవైపు ముడుచుకుపోయింది.

"మన్ను పోయండిరా దీని మింద!" అని అరిచాడు.

సుంకన్న వచ్చి తిప్పక్క పక్కన కూర్చున్నాడు. పుల్లమ్మ కూర్చుంది. బసవాచారి కూర్చున్నాడు, ఈసారి కుక్కతో సహా. మూడూళ్ళ జనం వచ్చి గుంత నిండా కూర్చున్నారు.

"పోయండి. మా అందరి మింద పోయండి."

పాళెగాడి మనిషి ఒకడు పార కింద పెట్టేశాడు. "మా అత్త ఉండాది దొరా అందులో," అన్నాడు. ఇంకొకడి చెల్లెలు ఉంది. ఇంకొకడి తండ్రి ఉన్నాడు. పారలన్నీ కింద పడ్డాయి. పాళెగాడు సగం మీసంతో ఇంటికి పోయాడు. ఉత్తరపు వాలు నిలిచింది, ఊట నిలిచింది.

తిప్పక్క చాలా ఏళ్ళు బతికి, మూడూళ్ళతోనూ పోట్లాడి పోట్లాడి పోయింది. అప్పుడు పెద్ద తగువు వచ్చింది. మా ఊరి మనిషంటే మా ఊరి మనిషని మూడూళ్ళూ పాడె పట్టుకుని లాగాయి. చివరికి ఆమె కాపాడిన వాలు మీదే, చెట్ల కింద పూడ్చారు. పైన రాయి నాటలేదు. నాటితే లేచి పీకేస్తుందని భయం.

ఇప్పటికీ ఆ దిక్కున ఎవరు బావి తవ్వినా పక్క ఊళ్ళను పిలవాల్సిందే. పని చేతగాని మనిషికి గునపం ఇచ్చి మొదటి దెబ్బ కొట్టిస్తారు. "అట్ట కాదు!" అని పక్క ఊరివాళ్ళు అరిచి దూకేదాకా రెండో దెబ్బ పడదు. ఇక ఏ పెద్దమనిషైనా గట్టున నిలబడి ఇదంతా నాదేనన్నాడా, అక్కడి ఆడవాళ్ళు కొంగు నడుముకు చుట్టి, మన్నుచేతులు చూపించి అనే మాట ఒకటే:

"నీదైతే దిగి తీసుకో."