గాలి తాగే వేళ్ళు

పూలంటే ప్రాణమిచ్చే ఒక రాజు కాలంలో, కొండగూడెం సోములమ్మ ఇప్పుడు మనం ఆర్కిడ్లంటున్న పూలలో రెండు జాతులను కలిపి, ఏడేళ్ళు సాకి, ఊదారంగు మీద పసుపు చుక్కల కొత్త పువ్వు పూయించింది. ఆ మొక్కను బుట్టతో సహా కోటకు తెస్తే ఉద్యానాధికారి రంగాజీ లాక్కుని, "నేను పుట్టించిందే ప్రభూ!" అని రాజు ముందు మీసం తిప్పాడు.

సోములమ్మ తొణకలేదు. "సరే, ఆయనదే. బుట్ట చివికింది ప్రభూ, ఆయన చేత్తోనే కుండీలోకి మార్పించండి."

రంగాజీ వెండి కుండీ తెప్పించి, వేళ్ళ మీద నల్లమట్టి, పేడ ఎరువు కూరబోయాడు.

"ఆగండయ్యా!" సోములమ్మ మొక్కను లాగేసుకుంది. "దీని వేళ్ళు గాలి తాగి బతుకుతాయి, మట్టి కప్పితే కుళ్ళిపోతాయి. ఏడేళ్ళు పెంచిన చెయ్యి వారంలో చంపుకుంటుందా?"

రాజు కళ్ళెర్రజేశాడు. "వీణ్ణి తరిమేసి ఆ పదవి నీకిస్తాను."

"తరమకండి, నా కింద పెట్టండి," తలెత్తి అంది సోములమ్మ. "ఏడేళ్ళు నీళ్ళు మోస్తే తన పువ్వు తనే పూయించుకుంటాడు."