ఎలుగుబంటికి బండ ఎత్తడం నేర్పిన నక్క

రాళ్ళగుట్ట మీద ఒక గుహ. దాని వాకిలికి మోకాలెత్తు రాతి గడప. పరిగెత్తలేని జంతువులన్నీ అందులోనే తలదాచుకునేవి, ఎందుకంటే ఆ చుట్టుపక్కల రేచుకుక్కలు, అంటే గుంపుగా వేటాడే అడవికుక్కలు, తిరుగుతుంటాయి. అవి మొరగవు, ఈల వేస్తాయి. దూరంగా ఒక ఈల వినిపించిందంటే, రెండోది దగ్గర్లోనే వినిపిస్తుంది.

ఈల వినగానే బండన్న అనే ఎలుగుబంటి లోపలినుంచి ఒక పెద్ద బండను ఎత్తి, గడప మీది గాడిలో కూర్చోబెట్టేవాడు. వాకిలి మూసుకుపోయేది. దొర్లిస్తే బండ గడప ఎక్కదు, ఎత్తాల్సిందే. ఆ పని చేయగలిగింది బండన్న ఒక్కడే.

ఆ వారం ఒక చుక్కల జింక, కాలు బెణికిన తన కూనతో గుహలో చేరింది. మర్నాడు పొద్దున్నే నక్క వచ్చింది. రేచుకుక్కలు తిని వదిలేసిన ఎముకలతో బతికే నక్క అది. కూన సంగతి అప్పటికే వాటికి చేరవేసింది.

"బండన్నా, నీ తొడలు ముందువైపు తాటిమొద్దుల్లా ఉన్నాయి. వెనకవైపు ఎప్పుడైనా చూసుకున్నావా? ఎండిన బెండకాయలు!"

బండన్న మెడ తిప్పి చూసుకోబోయాడు. తన తొడ వెనక భాగం ఎవరికి కనిపిస్తుంది?

"రేచుకుక్కలు కరిచేది వెనకనుంచే," అంది నక్క గొంతు తగ్గించి.

బండన్న గబుక్కున వెనకభాగం గోడకు ఆనించుకున్నాడు. "మరేం చెయ్యను బావా?"

"వెనక కండ పెరగాలంటే ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచకు. నడుం దగ్గరే వంగు. ముందు ఈ చిన్నరాయితో చూడు."

బండన్న ఎత్తాడు. పిరుదుల కింద, తొడల వెనక గట్టిగా లాగింది. "నిజమే బావా!"

మూలనున్న ముళ్ళపంది అవ్వ ఊరుకోలేదు. "ఏరా నక్కా, నువ్వెప్పుడైనా గులకరాయైనా ఎత్తావురా?"

"ఎత్తేవాళ్ళు వేరు, నేర్పేవాళ్ళు వేరు అవ్వా."

నక్క చెప్పింది అబద్ధం కాదు, పిల్లలూ. మీరూ లేచి నిలబడి, మోకాళ్ళు వంచకుండా పాదాలవైపు వంగి చూడండి. తొడ వెనక కండ లాగుతోంది కదా? తేలిక బరువుతో ఆ కండకు అది మంచి కసరత్తే. కానీ మోకాలు వంగకపోతే తొడ ముందు కండ పనిలోకి సరిగా దిగదు. అది మోయాల్సిన బరువు కూడా నడుం మీద పడుతుంది. ఈ రెండో ముక్క నక్కకు తెలుసు. చెప్పలేదు.

"ఇప్పుడు పెద్ద బండను ఇలాగే ఎత్తు!" అంది నక్క.

బండ జానెడు లేచింది. నడుం కలుక్కుమంది. బండ కింద పడింది, దాని పక్కనే బండన్న కూలబడ్డాడు.

నక్క ఒక్క గెంతులో గడప దాటి, బయట రాయెక్కి ఊళ పెట్టింది.

లోయలోంచి ఈల.

ఇంకో ఈల. ఈసారి గుట్ట మొదట్లో.

"లే అన్నా!" అంది జింక.

"వంగలేనమ్మా. కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి. నువ్వన్నా పరిగెత్తు."

"దీన్ని వదిలేసా?"

కూన తల్లి పొట్ట కిందికి దూరింది. దాని వణుకు తల్లి పక్కటెముకలకు తెలుస్తోంది. బయట గోళ్ళు రాళ్ళ మీద గీసుకుంటున్న చప్పుడు.

జింకకు ఏదో తోచింది. "అన్నా, ఇది పుట్టిన రోజున నడుంలో సత్తువ లేక, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. నువ్వూ అలాగే నిలబడు. పాదాలు బాగా ఎడంగా పెట్టు, వేళ్ళు బయటికి తిప్పు. మోకాళ్ళు వంచి కిందికి దిగు. ముందుకు మాత్రం వాలకు. బండను ఒంటికి ఆనించుకో!"

బండన్న పళ్ళు బిగించి దిగాడు. ఛాతీ నిటారుగానే ఉంది. నడుం మూలిగింది గానీ ఓర్చుకుంది. బరువు తొడల ముందు కండల్లోకి, తొడల లోపలివైపు కండల్లోకి పాకింది. బండ లేచింది.

"ఆగు! నడుం విరుగుతుంది, నీ మంచికే చెబుతున్నా!" అంటూ నక్క గడప మీదికి దూకింది.

ముళ్ళపంది అవ్వ గడప దగ్గరికి వచ్చి, వీపు తిప్పి ముళ్ళు నిక్కించింది. "రా నాయనా, నీకూ ఒక పాఠం చెబుతా!"

మూతికి రెండు ముళ్ళు గుచ్చుకుని నక్క కెవ్వుమంటూ బయటికి పడింది. బండ గాడిలో కూర్చుంది. లోపల చీకటి.

బయట అడుగులు ఆగాయి. "కూన ఏది?" అని ఒక గొంతు.

"లోపలే దొరా. ఇప్పుడే... ఒక్క క్షణం..."

"ఆకలి మీదున్న వాళ్ళని రప్పించావు."

"నేను మీ వాణ్ణి దొరా! ఎన్నేళ్ళనుంచో మీ..."

ఈలలు నక్క చుట్టూ గుండ్రంగా తిరిగాయి. నక్క గొంతు ఒక్కసారి సన్నగా లేచింది. తర్వాత అదీ లేదు.

కూన తల్లి పొట్ట కిందినుంచి బయటికి వచ్చింది. బండన్న గోడకు ఆనుకుని, తొడలు నొక్కుకుంటూ కూర్చున్నాడు.

నీతి: మనం భయంలో ఉన్నప్పుడు సగం నిజంతో వచ్చినవాణ్ణి, మిగతా సగం అడగకుండా నమ్మకూడదు.