బిస్కెట్టు అడుగున మూడు గుంటలు

అనగనగా సముద్రానికి కూతవేటు దూరంలో ఒక ఊరు. ఊరి చుట్టూ జీడిమామిడి తోటలు, ఊరి మధ్యలో జీడిపప్పు ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీలో గింజలు కోసే ఎస్తేరమ్మ కథ ఇది. ముందే చెబుతున్నా బుజ్జమ్మా, ఈ కథ చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది. నువ్వు భయపడకు. కోపం నీ మీద కాదు.

జీడిగింజ ఊరికే పప్పునివ్వదు. పెంకులో ఉండే నూనె చెయ్యి కాలుస్తుంది. అందుకని ఎస్తేరమ్మ పొద్దున్నే రెండు చేతులకీ ఆముదం పట్టించుకుని మిషను ముందు కూర్చునేది. ఎడం చేత్తో గింజ పెట్టాలి, కాలితో నొక్కాలి, కత్తి టక్కుమని దిగుతుంది. ఒకనాడు గింజతో పాటు ఆమె ఎడమచేతి నడిమి వేలు కొస కూడా తెగిపోయింది. అప్పుడు యజమాని భార్య కనకవల్లి మేడ మీంచి తొంగి చూసి, "చూసుకుని కొయ్యొద్దూ?" అంది. అంతే! కట్టుకోడానికి ఒక పాతగుడ్డ ముక్కయినా పడెయ్యలేదు.

ఆ ఊళ్ళో ఒక అలవాటుంది. చలి ముదిరి క్రిస్మస్ దగ్గరపడేసరికి ఇంటింటా బిస్కెట్ల పిండి కలుపుతారు. కాల్చడానికి మాత్రం అందరికీ ఒక్కటే బట్టీ, దస్తగిరి బేకరీది. అందరి బిస్కెట్ల రేకులూ కలిసే లోపలికి పోతాయి కదా, అందుకని ఒక్కో ఇల్లాలు తన బిస్కెట్ల మీద ఒక్కో గుర్తు వేసుకుంటుంది. ఒకరిది దువ్వెన గీతలు, ఒకరిది సోడామూత గుండ్రం, ఒకరిది తాళంచెవి అచ్చు.

ఎస్తేరమ్మ బిస్కెట్ల మీద గుర్తుకి చోటే ఉండదు. బెల్లం కలిపిన పిండిలో శొంఠి, మిరియం, లవంగం, దాల్చినచెక్క దంచి వేసి, ముద్దని ఎడంచేతి వేళ్ళ మీద పెట్టుకుని తట్టి, పైనంతా జీడిపప్పు నలుసులు గట్టిగా అద్దేది. నలుసులు ఎక్కడివంటావా? అమ్మకానికి పనికిరాని ముక్కలు శనివారం శనివారం కోసేవాళ్ళకి తలా గుప్పెడు ఇస్తారు. ఆమె ఒక్క పలుకు నోట్లో వేసుకోకుండా ఏడాదంతా సీసాలో దాచేది. మనవరాలు రూతుకి చలికాలం వస్తే చాలు, దగ్గు. ఆ పిల్ల కోసమూ, వాడలో పిల్లలందరి కోసమూ ఆ బిస్కెట్లు.

మొదటి ఏడాది రేకులు బట్టీలోంచి బయటికొచ్చాయి. కనకవల్లి బిస్కెట్లు నల్లగా మాడి, రాళ్ళలా ఉన్నాయి. నెయ్యి పట్టించడం చేతకాక చెంబుడు నీళ్ళు పోసి పిసికితే రాళ్ళు కాక ఇంకేమవుతాయి? అప్పుడు ఆవిడ కన్ను పక్క రేకు మీద పడింది. "పప్పున్నవి మావి," అని ఎత్తించుకుపోయింది. "అమ్మగారూ, అవి నావండీ," అంటూ ఎస్తేరమ్మ మేడ గుమ్మందాకా వెనకాలే నడిచింది. ఆవిడ వెనక్కి తిరిగైనా చూడలేదు. దస్తగిరికి అంతా తెలుసు. కానీ బేకరీ ఉన్న స్థలం కనకవల్లి వాళ్ళది. నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఏడు రూతు దగ్గుతూ అడిగింది, "అవ్వా, మన బిస్కెట్లేవి?" అని.

ఆ తర్వాత రెండో ఏడు వచ్చింది. ఎస్తేరమ్మ ఈసారి రేకు చెవికి ఎర్రదారం కట్టింది. పిచ్చితల్లి! బట్టీ మంటకి దారం ఆగుతుందా? మాడి మసైపోయింది. కనకవల్లి మళ్ళీ వచ్చి మళ్ళీ చెయ్యి వేసింది.

"నావమ్మగారూ," అంది ఎస్తేరమ్మ.

"నీకు జీడిపప్పు ఎక్కడిదే? మా గోడౌన్లోదా?" అంది కనకవల్లి, పదిమంది ముందు.

చూశావా ఎంత మాటందో! శనివారం గుప్పెళ్ళు ఆవిడ ఎరగదా? తన చేత్తోనే కొలిచి ఇస్తుంది! దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు. కానీ ఎస్తేరమ్మ ఇంకొక్క మాటంటే దొంగ అని పేరు పడుతుంది. పని పోతుంది. పని పోతే రూతుకి గంజైనా ఉండదు. అందుకని నోరు మూసుకుంది. ఆ మూసుకోవడం ఎంత కష్టమో నీకు పెద్దయ్యాక తెలుస్తుంది.

పండగనాడు కనకవల్లి అరుగు మీద కుర్చీ వేసుకుని ఆ బిస్కెట్లే అందరికీ పంచింది. "ఎంత కమ్మగా చేశారమ్మగారూ!" అని అందరూ పొగిడారు. వరసలో నిలబడ్డ ఎస్తేరమ్మకీ ఒకటి ఇచ్చి, "తిను, మళ్ళీ మళ్ళీ దొరుకుతాయా?" అంది. నా ఒళ్ళు మండిపోతుంది తల్లీ, ఈ మాట దగ్గరికొచ్చేసరికి.

ఎస్తేరమ్మ తినలేదు. ఎడంచేత్తో పట్టుకుని ఇంటికి నడిచింది. అప్పుడు దారిలో వేళ్ళకి ఏదో తగిలింది. బిస్కెట్టు తిరగేసి చూసింది. అడుగున మూడు గుంటలు. అటొకటి పొడుగు, ఇటొకటి పొడుగు, నడిమిది పొట్టి. తట్టేటప్పుడు పడ్డ తన వేళ్ళే! బిస్కెట్టు తినేవాళ్ళు ఎవరైనా అడుగు చూసి తింటారా? అందుకే రెండేళ్ళూ ఎవరికీ కనపడలేదు. ఆ బిస్కెట్టు తెచ్చి రూతుకి పెట్టి, ఎస్తేరమ్మ ఎవరితోనూ ఏమీ అనలేదు. ఏడాది ఓపిక పట్టింది.

మూడో ఏడాది రేకులు బయటికొచ్చాయి. ఊళ్ళో ఆడవాళ్ళంతా బేకరీ ముందున్నారు. కనకవల్లి వచ్చి పప్పున్న రేకు మీద చెయ్యి వేసింది. అప్పుడు ఎస్తేరమ్మ రెండో పక్కన పట్టుకుంది.

"ఇవి ఎవరు తట్టారమ్మగారూ?"

"ఎవరేమిటి? ఒక్కోటీ నా చేత్తో నేనే తట్టాను."

"అయితే ఒకటి తిరగేసి, ఆ గుంటల్లో మీ వేళ్ళు పెట్టండి."

అందరూ చూస్తున్నారు కదా, కనకవల్లి పెట్టక తప్పలేదు. ఉంగరాల నడిమి వేలు గుంట దాటి బయటికొచ్చింది. ఇంకోటి తిరగేసింది. ఇంకోటి తిరగేసింది. అన్నీ అంతే. అప్పుడు ఎస్తేరమ్మ తన ఎడంచెయ్యి పెట్టింది. డబ్బాకి మూత పట్టినట్టు పట్టింది.

"ఈ వేలు మీ మిషను తినేసిందమ్మగారూ," అంది. "మిగిలిన వేళ్ళతో చేసుకున్నది మీరు తినేస్తారా?"

కనకవల్లి మొహం జేవురించింది. సిగ్గుతో అనుకున్నావా? కాదు, కోపంతో! "రేపట్నించి పనిలోకి రాకు," అంది.

అప్పుడు దువ్వెన గీతల సువార్తమ్మ తన రేకు కింద పెట్టి, "అయితే నేనూ రాను," అంది. ఆ తర్వాత సోడామూత ఆవిడ. ఆ తర్వాత తాళంచెవి ఆవిడ. అంతా ఫ్యాక్టరీలో కోసేవాళ్ళే కదా. "మీకు పది వేళ్ళూ ఉన్నాయిగా అమ్మగారూ, మీరే కోసుకోండి," అంది సువార్తమ్మ.

కనకవల్లి రేకు వదిలేసింది. మర్నాడు ఎస్తేరమ్మ పనిలోకి వెళితే వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. దస్తగిరి అయితే మూడేళ్ళకి తలెత్తి, ఆ రేకు తనే మోసుకెళ్ళి ఎస్తేరమ్మ గుమ్మంలో దింపాడు. ఇప్పుడొచ్చింది ధైర్యం ఆ పెద్దమనిషికి!

రూతు తొలి బిస్కెట్టు తీసుకుని, తినకుండా తిరగేసి, ఆ గుంటల్లో తన బుల్లి వేళ్ళు పెట్టి చూసుకుంది. ఆ తర్వాత వాడలో పిల్లలంతా తిన్నారు.

కనకవల్లికి ఇచ్చిందా అని అడుగుతావు, నాకు తెలుసు. ఇచ్చింది. పండగనాడు మేడకి వెళ్ళి ఒకటి చేతిలో పెట్టి, "ఇది నేనిస్తున్నానమ్మగారూ," అని చెప్పి మరీ ఇచ్చింది. ఎస్తేరమ్మ మనసు అలాంటిది. నేనైతే చచ్చినా ఇచ్చేదాన్ని కాదు. సరే, దుప్పటి కప్పుకో.

పప్పు పోయె పంటికి,
నిద్ర వచ్చె కంటికి,
కథ పోయె కంచికి,
మనమిక మనింటికి.