దూది కొట్టుకు పెద్ద ఎవరు?

సరుకు నిలవుండే చోట గోలేల నిండా నీళ్ళూ, బయటపడడానికి రెండో దారీ లేకపోతే, నిప్పంటుకున్నా అంటుకోకపోయినా ఆ చోటి పెద్దకు యాభై కొరడా దెబ్బలని రాజుగారి శాసనం. కామిసెట్టి దూది కొట్లో మాత్రం గోలేల్లోనూ దూదే. కూలీలు సరుకు ఎత్తుకుపోతారని పెరటి తలుపుకి తాళం.

ఓనాడు తనిఖీకి అధికారి రానే వచ్చాడు. "ఇక్కడ పెద్దెవరు?" అన్నాడు.

బస్తా మీద కూర్చుని చుట్ట కాలుస్తున్న సెట్టి, దూది ఏకే నూకాలుని చూపించాడు. "ఈవిడేనండి! అంతా ఈవిడ చేతిమీదే నడుస్తుంది."

కాదంటే పని ఉండదు, ఔనంటే వీపు ఉండదు. నూకాలు కొంగు బిగించింది.

"ఔను బాబూ, నేనే పెద్దని. ఒరే అబ్బాయిలూ, ఆ తాళం పగలగొట్టండి. గోలేల్లో నీళ్ళు పొయ్యండి. దూది మీద చుట్ట కాల్చే ఆ మనిషిని బయటికి గెంటండి!"

కూలీలు ఆ మాటకోసమే కాచుక్కూచున్నట్టు లేచారు.

"నా కొట్లోంచి నన్నే గెంటడానికి నువ్వెవత్తివే?" అని సెట్టి రంకె వేశాడు.

నూకాలు అధికారికి దణ్ణం పెట్టింది. "విన్నారు కదా బాబూ! ఆ పెద్దరికం ఆయనకే అప్పజెప్పి, నా వీపు నేను తీసుకుపోవచ్చా?"