ఖాళీగా తిరిగిరాని గిన్నెలు

ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజుకు పూలతోటంటే ఎంత మమకారమో, చేసిన తప్పును దిద్దుకోవడమంటే అంత నామోషీ. తోటకు అడ్డమని కోట పక్కనున్న వాననీటి కాలువను పూడ్పించాడు. ఆ ఏడు గాలివానకు కోటలో పడిన నీళ్ళన్నీ దిగువనున్న సాలెవీధిని ముంచాయి.

ఆ వీధిలో మొదటి ఇల్లు నూకాలు అనే నేతగత్తెది. గడప ముందు మట్టికట్ట వేసింది, నిలవలేదు. నీళ్ళ కింద మగ్గం గుంట ఎక్కడుందో కనబడటం లేదు. పిల్లలిద్దరినీ అటకెక్కించి, దిగితే ఊరుకోనని రెండుసార్లు చెప్పి, కొలువుకు పరుగెత్తింది.

“వాన నేను కురిపించానా? గడప ఎత్తు చేసుకో,” అన్నాడు రాజు.

కొలువులో తిప్పన్న అనే చమత్కారి ఉన్నాడు. అతను ఆమె వెంట వీధికి వెళ్ళాడు. కోట వంటశాల పెరట్లోంచి కొట్టుకొచ్చిన గిన్నెలు ఇంటింటి ముందూ తేలుతున్నాయి.

“నూకాలమ్మా, పక్కింటివాళ్ళు కూర పంపితే గిన్నె ఎలా తిరిగిస్తావు?”

“ఖాళీగా ఇస్తామా బాబూ? ఇంట్లో ఉన్నదేదో వేసి ఇస్తాం.”

“అయితే ఇప్పుడూ ఉన్నదే వెయ్యి.”

కాసేపటికి వీధివాళ్ళంతా గిన్నెలు నెత్తిన పెట్టుకుని కొలువుకు వచ్చారు. అంచుల దాకా బురదనీళ్ళు.

“ఏమిటిది?” రాజు ముఖం చిట్లించాడు.

“తమ గిన్నెలే ప్రభూ,” అంది నూకాలు. “ఖాళీగా ఇవ్వడం మా వీధిలో మర్యాద కాదు. ఇంట్లో ఉన్నది పోసి తెచ్చాం.”

“మీ ఇంట్లో ఉన్నది ఇదా?”

“ఇవాళ్టికి ఇదొక్కటే.”

రాజు గొంతు తగ్గింది. “సరే, బయట పారబోయండి.”

తిప్పన్న లేచాడు. “అలాగే ప్రభూ. కాకపోతే ఇక్కడ పారబోసింది మళ్ళీ వాళ్ళింటికే పోతుంది. మర్యాదస్తులు కదా, మళ్ళీ తెస్తారు. ఇక తమ కొలువు సాగినట్టే.”

“మరి ఎక్కడ పొయ్యమంటావు?”

“ఏటికి పోయే దారి ఒకటి ఉండేది. ఇప్పుడు దాని మీద తమ మల్లెలు పూస్తున్నాయి.”

రాజుకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే నూకాలును అడిగాడు: “నీ పిల్లలేరి?”

“అటక మీద, ప్రభూ.”

నవ్వు ఆగింది. “పలుగులు తెప్పించండి,” అన్నాడు రాజు. ఆ సాయంత్రానికే మల్లెలు పోయి కాలువ పారింది.

మరో గాలివాన వెలిసిన పొద్దున రాజు నూకాలు ఇంటికి గిన్నెడు పాయసం పంపాడు. గిన్నె తిరిగి రాగానే తనే మూత తీసి, లోపల చెయ్యి పెట్టి చూశాడు. పేలాలు. పొడిగా గలగలలాడాయి.

రాజు నవ్వి, తన భుజం మీది శాలువా తీసి పక్కనే ఉన్న తిప్పన్నకు కప్పాడు.