బోర్డు తిప్పిన పుట్టినరోజు

ఊఁ కొడతావా, కొట్టవా? కొట్టకపోతే నేనూ పడుకుంటాను, నాకూ కాళ్ళు పీకుతున్నాయి. ఆఁ, అలా. దుప్పటి మొత్తం నీవైపు లాక్కోకు.

అనగనగా ఒక ఊళ్ళో ఒక బస్సు డిపో. ఆ డిపోలో భూలక్ష్మి అని ఒక కండక్టరమ్మ. కోడి కూయకముందే లేచి, వంట చేసి, చీర మీద ఖాకీ కోటు తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని డ్యూటీకి పోయేది. ఎక్కేవాళ్ళని ఎక్కించి, దిగేవాళ్ళని దించి, చిల్లర లేదని పోట్లాడేవాళ్ళతో పోట్లాడి, మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరేది. అప్పటికి ఆవిడ కాళ్ళు ఆవిడవి కావు.

ఆవిడకి ఒక్కతే కూతురు, తన్మయి. తండ్రి లారీ మీద దూరాలు తిరిగేవాడు, నెలకోసారి వచ్చేవాడు. మేడ మీద గదిలో తల్లీకూతుళ్ళిద్దరూ, కింద వాటాలో ఇల్లుగలావిడ సత్యవతి మామ్మ. ఒంటిపూట బడి నుంచి వచ్చాక పిల్ల మామ్మ దగ్గరే అన్నం తినేది, అమ్మ కోసం మెట్ల మీద కూర్చునేది.

ఇప్పుడు ఒక సంగతి చెప్తాను, నువ్వు నవ్వకూడదు. పోయిన పుట్టినరోజుకి భూలక్ష్మి కేకు తెచ్చింది, కొవ్వొత్తులు వెలిగించింది, పాట పాడదామని గోడకి ఆనుకుని కూర్చుంది. కూర్చున్నదల్లా అలాగే నిద్రపోయింది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు కదా. పిల్ల కాసేపు చూసింది. కొవ్వొత్తులు కరిగి కేకు మీద కారిపోతున్నాయి. అప్పుడు తనే ఊదుకుంది, తనే చప్పట్లు కొట్టుకుంది, అది కూడా మెల్లిగా, అమ్మ లేస్తుందేమోనని.

ఆ మాట తన్మయి ఎవరితోనూ అనలేదు. కానీ భూలక్ష్మికి మాత్రం ఏడాది పొడుగునా అది గుండెలో గుచ్చుకుంటూనే ఉంది. అందుకని ఏడో పుట్టినరోజు దగ్గరపడగానే, "ఈసారి నిద్రపోనే, ఒట్టు" అని పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టింది.

తన్మయి అప్పుడు ఇంకో మాట చెప్పింది. క్లాసులో ఒకమ్మాయి పుట్టినరోజు 'థీమ్'తో చేశారట. హాలంతా అడవిలాగా కట్టి, ఎలుగుబంటి వేషం వేసిన మనిషిని కూడా పెట్టారట. "మరి మా ఇంట్లో కూడా థీమ్ ఉందని తొమ్మిదిమందికి చెప్పేశానమ్మా" అంది.

చెప్పేశాక ఇంకేముంది. భూలక్ష్మి డ్యూటీ దిగి, అలంకరణలు చేసే షాపుకి వెళ్ళింది. ఆయన చెప్పిన అంకె విని, "మళ్ళీ వస్తానండీ" అంది. మళ్ళీ వస్తానంటే రానని అర్థం, అది షాపులవాళ్ళకి తెలుసు. దారిలో నాలుగు పచ్చ రంగు కాగితాలు మాత్రం కొనుక్కుని ఇంటికొచ్చింది.

మొదటి రోజు అడవి కడదామని కూర్చుంది. పచ్చ కాగితాలు ఆకులయ్యాయి. పాత అట్ట మీద పులిని గీసి కత్తిరించడం మొదలెట్టింది. తల అయింది, నడుం అయింది, తోక దగ్గరికి వచ్చేసరికి చేతిలో కత్తెర పట్టుకునే నిద్రపోయింది. ఆ పులికి ఇప్పటిదాకా తోక లేదు.

రెండో రోజు అడవి వద్దు, సముద్రం చేద్దామంది. నీలం చీర గోడకి కట్టింది. పాత పెళ్ళిశుభలేఖలు కత్తిరించి చేపలు చేసింది. వాటికి జిగురు రాస్తూ రాస్తూ ఒరిగిపోయింది. సాయంత్రం లేచి గుమ్మంలోకి వస్తే సత్యవతి మామ్మ ముక్కున వేలేసుకుంది, భూలక్ష్మి చెంపకి చేప అంటుకుని ఉంది.

మూడో రోజు సముద్రమూ వద్దు, రాజుగారి కోట అంది. కిరాణా కొట్టు నుంచి ఖాళీ అట్టపెట్టెలు అడిగి తెచ్చింది. ఒకదాని మీద ఒకటి పేర్చింది. ఒక్క నిమిషం నడుం వాలుద్దామని కోటకి ఆనుకుంది. ఆ తర్వాత కోట మీదే పడుకుంది. లేచేసరికి కోట చాపలాగా పరుచుకుపోయింది.

తన్మయి ఏడవలేదు. పెట్టెలన్నీ ఒక మూలకి సర్ది, "పోనీలే అమ్మా, థీమ్ వద్దులే. నువ్వు మేలుకుని ఉంటే చాలు" అంది.

పిల్ల అలిగి కింద పడి దొర్లినా తల్లి తట్టుకుంటుంది, తల్లీ. పిల్ల సర్దుకుపోతేనే తట్టుకోలేదు. భూలక్ష్మికి ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు డ్యూటీలో ఉన్నా మనసంతా అదే. ఎండలో బస్సు నిండిపోయింది. ఒక ముసలమ్మ ఖాళీ కూరగాయల గంపతో ఎక్కింది, కిటికీ పక్కన కూర్చుంది. టిక్కెట్టు పుచ్చుకుని, "నా స్టేజీ వస్తే లేపమ్మా, నీకు పుణ్యముంటుంది" అని, కళ్ళు మూసుకుంది. మూసుకున్న మరుక్షణం గురక. భూలక్ష్మి ఆవిడ కేసి చూసింది. ఎంత హాయి, అనుకుంది. టిక్కెట్టు ఉంది, సీటు ఉంది, లేపడానికి ఒక మనిషి ఉంది.

ఆవిడ స్టేజీ వచ్చింది. భూలక్ష్మి భుజం తట్టి లేపింది, గంప అందించింది, తాడు లాగి గంట కొట్టి రైట్ రైట్ అంది. అప్పుడు తట్టింది భూలక్ష్మికి. పులి చెయ్యాలన్నా చేప చెయ్యాలన్నా తను మేలుకుని ఉండాలి. బస్సుకి అక్కర్లేదు. నిద్రలో లేపి అడిగినా స్టేజీలన్నీ వరసగా చెప్తుంది. మరి బస్సే ఎందుకు కట్టకూడదు?

ఇంటికి రాగానే చెప్పింది. తన్మయి కళ్ళు ఇంతంతయ్యాయి.

"ఎక్కడికి వెళ్తుంది బస్సు?"

"నువ్వు ఎక్కడికంటే అక్కడికి."

తన్మయి ఆలోచించి ఆలోచించి, "చందమామకి" అంది.

ఇక ఇద్దరూ మొదలెట్టారు. చదునైపోయిన కోటని ఊరికే పారేస్తారా? దాంట్లోంచి పెద్ద అట్ట ఒకటి కోసి బస్సు బోర్డు చేశారు. ఒకవైపు 'ఇల్లు నుండి చందమామ, వయా మబ్బులూరు, చుక్కలపాలెం' అని రాశారు. రెండోవైపు 'చందమామ నుండి ఇల్లు' అని రాశారు. ఆర్టీసీ బోర్డంటే రెండువైపులా ఉండాలంది భూలక్ష్మి, లేకపోతే ఆవిడకి తోచదు. పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు టిక్కెట్లు రాశారు. ఛార్జీ ఒక పొడుపు కథ. ఆ టిక్కెట్లే బడిలో పిలుపులు కూడా అయ్యాయి.

సత్యవతి మామ్మ డాబా మీదికి ఎర్ర కుర్చీలు పంపించింది. అటు రెండు ఇటు రెండు వరసలు, మధ్యలో దారి. పిట్టగోడే కిటికీ. బట్టలారేసే తాడుకి ముందు బోర్డు వేలాడదీశారు, పక్కన దేవుడి గంట కట్టారు. చివర వంటింటి స్టూలు ఒకటి, అది కండక్టరు సీటు. కుక్కర్లో రవ్వ కేకు చేసి పైన పంచదార పొడి చల్లితే అచ్చం చందమామే. ఒక పక్క కాస్త మాడింది. మామ్మ చూసి, చందమామకి మాత్రం మచ్చ లేదా ఏంటి, అంది.

పుట్టినరోజు నాడు సెలవు దొరకలేదు. భూలక్ష్మి రెండు ట్రిప్పులూ తిరిగే వచ్చింది. కళ్ళు మండుతున్నాయి. మొహం మీద చన్నీళ్ళు కొట్టుకుంది, రెండు గ్లాసుల టీ తాగింది, ఖాకీ కోటు విప్పకుండా, సంచి దించకుండానే డాబా ఎక్కింది. నాలుగింటికి తొమ్మిదిమంది పిల్లలూ టిక్కెట్లు పట్టుకుని వరసగా ఎక్కారు. ఒక్కొక్కళ్ళూ ఒక్కో పొడుపు కథ వేశారు. మూడొంతులు అందరికీ తెలిసినవే, అయినా తెలియనట్టు నటించారు. ముందు సీట్లో కొత్త గౌనుతో తన్మయి.

రైట్ రైట్.

మొదట మబ్బులూరు వచ్చింది. మబ్బులంటే మరమరాలు, అందరికీ పొట్లాలు. ఆ తర్వాత చుక్కలపాలెం వచ్చింది. డాబా మీద దాచిన కాగితం చుక్కలు వెతకమంటే, కుర్చీల కిందా తులసి కుండీ వెనకా దూరి అన్నీ ఏరుకొచ్చారు. భూలక్ష్మి నిలబడే ఉంది. కూర్చుంటే నిద్రపోతానని ఆవిడకి తెలుసు. కళ్ళు మూతలు పడుతుంటే ఒక చేత్తో ఇంకో చేతిని గిల్లుకుంటోంది. ఎలాగో లాక్కొచ్చింది. ఇంక ఒక్కటే మిగిలింది, చందమామ. అక్కడ కేకు.

గంట కొట్టింది. బస్సు చందమామ చేరింది. అప్పుడు, తల్లీ, కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ లోపల మనిషి నిద్రపోతోంది. పదకొండేళ్ళుగా రోజూ అనే మాట దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది.

"ఆఖరి స్టేజీ, ఆఖరి స్టేజీ. అందరూ దిగండమ్మా, సామాన్లు చూసుకోండి, బండి డిపోకి పోతుంది."

కండక్టరు దిగమంటే దిగరా? పిల్లలందరూ లేచారు. ఎవరి పొట్లం వాళ్ళు తీసుకున్నారు. తోసుకోకుండా మెట్లు దిగారు, చెప్పులు వేసుకున్నారు, గేటు దాటి వెళ్ళిపోయారు. ఎంత బుద్ధిమంతులో చూడు. నువ్వయితే పది ప్రశ్నలు వేసేదానివి.

భూలక్ష్మి అలవాటు ప్రకారం బండి ఖాళీ అయిందా లేదా అని చూసుకుంటూ ముందుకొచ్చింది. మొదటి సీట్లో ఒక్క పిల్ల మిగిలింది, చేతిలో టిక్కెట్టు పట్టుకుని. "నువ్వు దిగలేదేమ్మా" అంది. అనేశాక చూసింది ఆ పిల్ల ఎవరో. గుడ్డ కప్పిన కేకు కేసి చూసింది. ఖాళీ కుర్చీల కేసి చూసింది.

ఇక ఆగలేకపోయింది. అక్కడే కూలబడి, కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చింది. "పోయినేడు నిద్రపోయి పాడుచేశాను, ఈ ఏడు మేలుకుని పాడుచేశాను" అంది.

 తన్మయికీ ఏడుపొస్తోంది. కానీ సెలవుల్లో అమ్మ బస్సులో ఎన్నిసార్లు తిరగలేదు అది? ఆఖరి స్టేజీలో ఏమవుతుందో దానికి తెలుసు.

"ఆఖరి స్టేజీలో నువ్వు బోర్డు తిప్పుతావు కదమ్మా" అంది.

అని, కుర్చీ లాక్కుని ఎక్కింది. బోర్డు తిప్పింది. చందమామ నుండి ఇల్లు. ఆ తర్వాత దిగొచ్చి అమ్మ భుజం మీది సంచి తీసి తను వేసుకుంది. అది మోకాళ్ళ దాకా వచ్చింది.

"టిక్కెట్టు తీసుకున్నావా?"

"నాకెందుకే, నేను కండక్టర్ని కదా."

"ఈ ట్రిప్పుకి నేను" అంది తన్మయి. తన టిక్కెట్టు అమ్మ చేతిలో పెట్టింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పిట్టగోడ పక్క సీట్లో కూర్చోబెట్టింది. అక్కడ గాలి బాగా వస్తుంది. పదకొండేళ్ళలో భూలక్ష్మి కిటికీ పక్కన కూర్చోవడం అదే మొదలు.

అప్పుడు తన్మయి పిట్టగోడ మీంచి తొంగిచూసి గంట కొట్టింది. "చందమామ నుంచి ఇంటికి, ఇంటికి, సీట్లున్నాయి రండి" అని కేకేసింది. పిల్లలు సందు మలుపులోనే ఉన్నారు, ఎదురొచ్చిన మామ్మ వాళ్ళని ఆపి ఇంత తొందరగా ఎక్కడికర్రా అని అడుగుతోంది. గంట వినగానే వెనక్కి పరిగెత్తుకొచ్చారు. వాళ్ళతోపాటు మామ్మ కూడా మోకాళ్ళు పట్టుకుంటూ ఎక్కింది.

వాళ్ళొచ్చేసరికి భూలక్ష్మి కళ్ళు వాలిపోతున్నాయి. ఒట్టు గుర్తుంది, తెరుద్దామని చూసింది, రెప్పలు లేవలేదు. కూతురి చెయ్యి పట్టుకుని, "నా స్టేజీ వస్తే లేపమ్మా" అంది. అంతే.

ఒక పిల్ల లేపబోయింది. తన్మయి పెదాల మీద వేలు పెట్టింది.

"టిక్కెట్టు ఉన్న ప్యాసింజరు. స్టేజీ రాకుండా లేపకూడదు."

ఆ తర్వాత ఆ బస్సు ఎంత మెల్లిగా నడిచిందని. చుక్కలపాలెంలో ఏరిన చుక్కల్ని మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టారు. మబ్బులూరులో మిగిలిన మరమరాలు కరకరమనకుండా చప్పరించారు. పొడుపు కథలన్నీ చెవిలో వేసుకున్నారు. గంట మోగకుండా తన్మయి దాని నాలుక పట్టుకుంది. గంటసేపు పట్టింది ఇల్లు చేరడానికి. ఎండ దిగిపోయింది, గాలి చల్లబడింది.

ఇల్లు రాగానే మామ్మ కేకు మీద గుడ్డ తీసి, ఏడు కొవ్వొత్తులూ అప్పుడు వెలిగించింది. పిల్లలు చుట్టూ నిలబడ్డారు. ఎవ్వరూ ఊదలేదు, ఎవ్వరూ పాడలేదు. తన్మయి సంచి ఈడ్చుకుంటూ కిటికీ సీటు దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మా, నీ స్టేజీ వచ్చింది. దిగు."

భూలక్ష్మి కళ్ళు తెరిచింది. ఎదురుగా ఏడు కొవ్వొత్తులు, ఒక్కటీ కరగలేదు. లేచింది, దిగింది, పాట అందుకుంది. పిల్ల ఊదాక చప్పట్లు ఎలా కొట్టిందంటే, పక్క డాబాల వాళ్ళు కూడా ఏమైందోనని చూశారు.

అదీ కథ. అందుకే చెప్తున్నాను, రేపు మధ్యాహ్నం మీ అమ్మ పనినుంచి వచ్చి పడుకుంటే తలుపు దబదబా బాదకు. ఊఁ కొట్టడం మానేశావేం? కళ్ళు మూసుకున్నావా? సరే, నీ స్టేజీ వస్తే నేను లేపుతాలే.

రైటు రైటు, బస్సు కదిలె,
కథ కూర్చుంది కంచి సీటులో.
లైటు లైటు, దీపం ఆరె,
మనం పడుకున్నాం ఇంటి చోటులో.